ఖదీజా అంటే పువ్వట!

పిల్లల పేర్ల యాప్‌లు కనిపెట్టినవాళ్ళకి ఎవరైనా సన్మానం చేయాలి. అరబ్బీ ఆడపిల్ల పేరు ఏది కొట్టినా అర్థాలు మూడే: అందగత్తె, రాకుమారి, పువ్వు. కింద అదృష్ట సంఖ్య, అదృష్ట లోహం, అదృష్ట వారం. ఇన్ని అదృష్టాలు కలిసొచ్చాయంటే ఆ పేర్లున్న ఆడవాళ్ళు ఈపాటికి ప్రపంచాన్ని ఏలుతూ ఉండాలి.

మొన్న ఖదీజా అని కొట్టాను. పువ్వులాంటిదట! అసలు ఆ మాటకు నెలలు నిండకుండా పుట్టిన పిల్ల అని అర్థం. గడువుకు ముందే ఈనిన ఒంటె గురించి చెప్పే క్రియ నుంచి వచ్చింది. నెలలు తక్కువ బిడ్డను అరబ్బీలో ఇప్పటికీ ఖదీజ్ అనే అంటారు. ఎడారిలో తొందరపడి పుట్టి, బతికి బట్టకట్టిన పిల్ల పేరు అది. దానికి రేకులు అతికించడం దేనికో!

ఆ పేరుకు పేరు తెచ్చిన ఖదీజా బింత్ ఖువైలిద్ మక్కాలో పెద్ద వ్యాపారి. సిరియాకు బిడారుల మీద సరుకు పంపేవారు. ఆ పనికి నమ్మకస్తుడని ముహమ్మద్‌ను కుదుర్చుకున్నారు. మనిషి నచ్చాక పెళ్ళి కబురు తానే పంపారు. ఇస్లాంను మొదట నమ్మిందీ ఆమే. మన ఊళ్ళలో ఉన్న ఖతీజాబీలంతా ఆమె పేరు మోస్తున్నవాళ్ళే.

సరే, ఇంత వెతికి పెట్టిన పేరును ఎన్నాళ్ళు వాడతారు? అరబ్బు దేశాల్లో చాలాచోట్ల కొడుకు పుట్టగానే ఆమె ఉమ్ అహ్మద్, అంటే అహ్మద్ వాళ్ళమ్మ అయిపోతుంది. అది మర్యాదే, తండ్రినీ అబూ అహ్మద్ అంటారు కాబట్టి ఊరుకుందాం. (మనం నవ్వక్కర్లేదు. 'మా ఇంట్లోవాళ్ళు' అనే మనిషికి ఆధార్ కార్డులో తప్ప మన దగ్గర మాత్రం పేరెక్కడుంది?) అక్కడి పెళ్ళికార్డుల సంగతి చూడండి. వరుడి పేరు నిక్షేపంగా ఉంటుంది. వధువు చోట మాత్రం చాలా కార్డుల్లో 'ఫలానా వారి కరీమ', అంటే గౌరవనీయ పుత్రిక. ముగ్గురు కూతుళ్ళున్న ఇంట్లో పెళ్ళి ఏ కరీమకో భోజనాలకి వెళ్తే గాని తెలియదు. ఆడవాళ్ళ విందు వేరుగా పెడితే, మగాళ్ళకి వెళ్ళినా తెలియదు.

అన్నిటికన్నా నాకిష్టమైంది 2011 ఈజిప్టు పార్లమెంటు ఎన్నికల పోస్టరు. పార్టీల అభ్యర్థుల జాబితా ప్రతిదానిలో కనీసం ఒక మహిళ ఉండాలని అప్పటి చట్టం. సలఫీల (అంటే మతాచారంలో ఛాందసుల) నూర్ పార్టీ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. వరసగా గడ్డాల మగవాళ్ళ ఫొటోలు, మహిళ ఉండాల్సిన గడిలో ఒక పువ్వు బొమ్మ! ఓటరు దాని ముందు నిలబడ్డాడనుకోండి. అభ్యర్థి అనుభవం ఎంతో రేకులు లెక్కపెట్టి తెలుసుకోవాలా? ఇంటింటి ప్రచారానికి ఎవరొస్తారు, తోటమాలా? గెలిస్తే ప్రమాణ స్వీకారం ఎలా, కుండీని తెచ్చి మైకు ముందు పెడతారా? మండు వేసవిలో సమావేశాలు పెడితే, వాడిపోయిన చోట ఉప ఎన్నికా? అవతలి పార్టీ తేనెటీగను నిలబెడితే పొత్తు కుదిరినట్టేనా? ఒక్కటి ఒప్పుకోవాలి. యాప్ చెప్పిన అర్థాన్ని ఇంత నిజాయితీగా అమలు చేసినవాళ్ళు మరొకరు లేరు.

2015లో మాతృదినోత్సవం సందర్భంగా ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం కైరోలో మగవాళ్ళను మీ అమ్మ పేరేమిటని అడిగించింది. కొందరు నవ్వి తప్పించుకున్నారు, కొందరు చెప్పేది లేదన్నారు. పేరు బయటపడితే నలుగురూ గేలి చేస్తారట.

ఏం గేలి? నిన్ను కన్న మనిషి పేరు బూతా? ఆమె పెట్టిన అన్నం నలుగురిలో కూర్చుని తినొచ్చు గాని, పేరు చెప్తే తలవంపులా? అడిగితే పరువు అంటారు, ఇంకా అడిగితే మతం అంటారు. ఏ మతం చెప్పింది? ఖదీజా పోయాక కూడా ప్రవక్త ఆమెను ఎంతగా తలచుకునేవారంటే, తాను కళ్ళతో చూడని ఆ మనిషి మీద తనకు ఈర్ష్య పుట్టేదని, ఆయన తర్వాత చేసుకున్న భార్య ఆయిషాయే చెప్పారు. గొర్రెను కోస్తే ఖదీజా స్నేహితురాళ్ళకు వాటా వెళ్ళేది. ఇదంతా ప్రవక్త మాటలు, నడత చెప్పే బుఖారీ హదీసుల్లో ఉన్నదే. మనుషుల్లో మీకు అందరికన్నా ఇష్టమైనవారెవరని అమ్ర్ అనే సేనాని అడిగితే, 'ఆయిషా' అని పేరు పెట్టి జవాబిచ్చారు. మా ఇంట్లోవాళ్ళు అనలేదు, ఫలానావాడి తల్లి అనలేదు. మీ పరువు ఆయన పరువు కన్నా గొప్పదా?