దోస్తు కొట్లో చాయ్, పక్క కొట్లో వైరు

ఇల్లు కట్టేవాడికి ఎలక్ట్రికల్ షాపు నడిపే దోస్తు ఉండడం పూర్వజన్మ సుకృతం. వాస్తు పండితుడికి సంభావన ఇవ్వాలి, ప్లాను గీసినవాడికి ఫీజు ఇవ్వాలి, బోరు పాయింటు చూసేవాడికి కొబ్బరికాయ చేతిలో పెట్టి మరీ ఇవ్వాలి. దోస్తుకు పైసా ఇవ్వక్కర్లేదు. పైగా చాయ్ వాడే తెప్పిస్తాడు.

ఇంతటి నిధిని కొందరు పద్ధతి తెలియక పాడుచేసుకుంటున్నారు. సలహా వాడి దగ్గరే తీసుకుని, సామాను కూడా వాడి దగ్గరే కొనేసి వస్తున్నారు. ఈ నాలుగు ముక్కలు ఆ అమాయకుల కోసం.

దోస్తుది సూర్యాపేటలో షాపు అనుకుందాం. వెళ్ళాల్సిన వేళ పొద్దున తొమ్మిది. పనిలోకి పోయే వైరింగ్ మేస్త్రీలంతా చిట్టీలు పట్టుకుని కౌంటరు ముందు నిలబడి ఉంటారు. వాళ్ళని తోసుకుని లోపలికి పోయి, దోస్తు కుర్చీలోనే కూర్చుని, గల్లాపెట్టె మీద ప్లాను కాగితం పరవాలి. "మామా, జర సామాన్లు రాసియ్యి, నీకంటే మంచిగ ఎవరికి తెలుస్తది?" అనాలి. అక్కడి నుంచి వాడి మెదడు మనది. లైట్లకూ ఫ్యాన్లకూ 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4. 90 మీటర్ల కాయిల్ లెక్కన 1.5వి ఆరు, 2.5వి నాలుగు, 4వి రెండు. ఎర్త్‌కు పచ్చ వైరు వేసుకోలేదని వాడే పట్టుకుంటాడు. గీజరును 6 ఆంపియర్ల సాకెట్టుకు ఇచ్చి ఉంటే గీత కొట్టి 16 చేస్తాడు. డీబీలో, అంటే ఇంటి మెయిన్ పెట్టెలో, కరెంటు లీకైతే చటుక్కున ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేదని చూసి, "బాత్రూంల పోరగాళ్ళు షాక్ తింటర్రా" అని తిట్టి మరీ రాస్తాడు. గంట గడుస్తుంది. ఇద్దరు మేస్త్రీలు విసుక్కుని పక్క షాపుకు పోతారు. అది మనకు సంబంధించిన విషయం కాదు.

ఇప్పుడు ఆ కాగితానికి ఫొటో కొట్టి నాలుగు షాపులకు వాట్సాప్ చేయాలి. కొందరు పిరికివాళ్ళు బయటికొచ్చి సందు చివర నిలబడి చేస్తారు. ఏం అక్కర్లేదు. వాడి కుర్చీలో కూర్చుని, వాడి ఫ్యాను కింద, వాడి వైఫై మీదే చేయవచ్చు. రెండో చాయ్ సగంలో ఉండగా జేబులో ఫోను టింగుమంటుంది: కాయిల్‌కు 40 రూపాయలు తక్కువ. ముఖం కాస్త బాధగా పెట్టి, "మామా, ఏమనుకోకు, బయట ఇంకా తక్కువకిస్తున్నరంట" అనాలి. "ఏ కంపెనీది?" అని అడుగుతాడు వాడు, పాపం అలవాటు కొద్దీ. "ఏదైతేంది, కాపరే కదా!" అన్నదే దానికి సరైన జవాబు. మిగిలిన చాయ్ తాగేసి లేవాలి. వదిలేస్తే వాడు బాధపడతాడు.

పన్నెండు కాయిళ్ళకు నలభై చొప్పున 480 రూపాయలు మిగిలాయి. అసలు మిగిలాయా అని కూడా మనం చూడం. రేట్లు పోల్చడం మనవాళ్ళకు వచ్చినంత గొప్పగా ఇంకెవరికీ రాదు. ఒక కంపెనీ కాయిల్‌కు లిస్టు రేటు 3,000 అని, 40 శాతం డిస్కౌంటు అనుకోండి: 1,800. ఇంకోదానికి లిస్టు 2,400, డిస్కౌంటు 28 శాతమే: 1,728. మన పెద్దమనిషి 40 శాతం తెచ్చానని ఊరంతా చెప్పుకుంటూ 72 రూపాయలు ఎక్కువ పెట్టి వస్తాడు. దీనికి జీఎస్టీ ముచ్చట కలిస్తే ఇంకా రంజుగా ఉంటుంది. ఆ 1,728 దోస్తు రేటే అనుకోండి, వాడు చెప్పిన 2,039లో 18 శాతం పన్ను కలిసి ఉంది. అవతలివాడు చెప్పిన 1,800లో లేదు. పన్ను లేకుండా అంటే బిల్లు లేకుండా. బిల్లు లేని కాయిల్ రేపు తేడా వస్తే, "మా దగ్గర కొన్నట్టు ఏముంది?" అంటాడు ఆ షాపువాడు. నిజమే, ఏముంది?

"కాపరే కదా" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. 2.5 స్క్వేర్ వైరు 90 మీటర్లంటే 225 ఘన సెంటీమీటర్ల రాగి. సీసీకి 8.96 గ్రాముల చొప్పున సుమారు 2 కిలోలు. రాగి రేటు దాచిపెట్టేదేమీ కాదు. పై ప్లాస్టిక్కు, మజూరీ, పన్ను పక్కనబెట్టినా, లోపలి రాగి ఖరీదుకే కాయిల్ వస్తోందంటే అమ్మేవాడు దానకర్ణుడై ఉండాలి, లేదా లోపల రాగి తక్కువై ఉండాలి. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. పోగులు సన్నంగా ఉంటాయి, లేదా 90 మీటర్లన్నది 80 దగ్గరే అయిపోతుంది. అదీ కాకపోతే అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది. బ్లేడుతో పోగును గీకితే తెల్లగా కనబడుతుంది. కాటా మీద పెడితే చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. ఐఎస్ఐ ముద్ర కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. నాలుగు షాపులకు వాట్సాప్ చేసిన వేలికి ఈ ఒక్క పని మాత్రం బరువు.

ఈ వైరు గోడలో కూరుకుపోయాక ఎవరికీ కనబడదు. గీజరు వేస్తే 9 ఆంపియర్లు లాగుతుంది, కరెంటు ఎక్కువైతే పడిపోవాల్సిన 16 ఆంపియర్ల ఎంసీబీ నిశ్చింతగా కూర్చుంటుంది. దానికి తెలిసింది ఆంపియర్లే, గోడలో పోగులు తక్కువున్నాయని దానికెవరు చెప్తారు? వైరు ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడెక్కుతుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకే తట్టుకుంటుంది. అది ఏళ్ళ తరబడి కాగి కాగి గట్టిపడి, పగిలి, ఒకరోజు ఫేజూ న్యూట్రలూ కలుసుకుంటాయి. 480 రూపాయలు.

ఇనుము కొట్టు దోస్తుదీ ఇదే గతి. వాడు కాటా పెట్టి కిలోల్లెక్కన చెప్తాడు, అవతలివాడు ఊచకింత అంటాడు. 12 ఎంఎం ఊచ 12 మీటర్లకు పదిన్నర కిలోలు దాటాలి (మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు). లాటు మీద 5 శాతం దాకా తేడాకు ప్రమాణం ఒప్పుకుంటుంది. తొమ్మిదిన్నరకు ఒప్పుకోదు. ఊచల్లెక్కన కొన్నవాడు ఊచలు మాత్రం సరిగ్గానే లెక్కబెట్టుకుంటాడు.

ఇంకా ఉత్సాహవంతులు ఎలక్ట్రికల్ సామాన్లకు పేరున్న హైదరాబాద్ ట్రూప్ బజార్‌కే పోతారు. పోనూ రానూ 270 కిలోమీటర్లు, లీటరుకు 15 ఇచ్చే కారుకు 18 లీటర్లు. పంతంగి టోలు, కొర్లపహాడ్ టోలు, దారిలో బిర్యానీ. ఇల్లు పెద్దదై సామాను లక్షల్లో ఉంటే ఆ ప్రయాణానికి అర్థముంది. పన్నెండు కాయిళ్ళకు పోయినవాడు బిర్యానీ కోసం పోయాడనే అనుకోవాలి.

అన్నట్టు, దోస్తులందరూ దేవుళ్ళేం కాదు. "మనోడే కదా, అడుగుతాడా" అని లిస్టు రేటే వేసి, అమ్ముడుపోని స్విచ్చులు అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దగ్గర కొనకపోతే పాపమేమీ లేదు. అదే కంపెనీ, అదే సైజు, పన్నుతో కలిపి, బిల్లుతో, బయట నిజంగా తక్కువకు దొరికితే మొహం మీదే చెప్పి బయటే కొనుక్కోవచ్చు. మంచి దోస్తు "తీసుకో పో" అంటాడు. గంటసేపు వాడి తెలివి పిండుకున్నాక చెప్పడమే పేచీ.

కొన్నాక ఈ బంధం ఇంకా గట్టిపడుతుంది. అవతలి షాపువాడు సింగిల్ పోల్ బదులు డబుల్ పోల్ ఎంసీబీ ఇచ్చాడు, ఆదివారం రాత్రి దోస్తుకు ఫోను. ఆ కంపెనీ మాడ్యులార్ ప్లేటులో ఈ కంపెనీ స్విచ్చు పట్టడం లేదు, వీడియో కాల్.

ఇక అప్పు. చివరికి లైట్లు, ఫ్యాన్ల కోసం డబ్బులు అయిపోయినప్పుడు గుర్తొచ్చేది దోస్తే. వైరుకు బయటివాడికి నోట్లు లెక్కబెట్టి ఇచ్చిన చెయ్యే దోస్తు దగ్గర "రాసుకో మామా" అంటుంది. 60,000 సామాను, 10,800 పన్ను. నువ్వు రాసుకో అన్నావు, వాడు రాసుకున్నాడు. సర్కారు రాసుకోదయ్యా! మార్చిలో బిల్లు కొడితే, నెలనెలా రిటర్ను వేసేవాడు ఏప్రిల్ 20కల్లా ఆ పన్ను లెక్క తేల్చాలి, నువ్విచ్చినా ఇవ్వకపోయినా. సామాను పంపిన కంపెనీకి వాడు 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, కొన్నప్పటి పన్ను కింద తీసుకుని వాడుకున్న మినహాయింపు (ఇన్‌పుట్ క్రెడిట్) వడ్డీతో తిరిగి కట్టాలి. వాడు ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎదురుపడితే "దోస్తానాల పైసలేందిరా" అంటావు. పైసలు లేనిది దోస్తానాలో కాదు, నీ దగ్గర. అదీ అబద్ధమే, ఉన్నాయి, మొన్న 55 అంగుళాల టీవీకి ఇచ్చావు. తెలియనివాడికి నగదు, తెలిసినవాడికి నామం! షాపు పిల్లగాడికి ఒకటో తారీఖు జీతమెట్లా ఇచ్చాడో ఎప్పుడన్నా అడిగావా? సిగ్గుండాలి.

సరే, గృహప్రవేశానికి దోస్తును తప్పక పిలవాలి. వాడు వస్తాడు, చేతిలో గోడగడియారంతో. బంతి మధ్యలో వంటవాళ్ళు పెద్ద గ్రైండరు ఎక్కడో పెడతారు, ఇల్లంతా చీకటవుతుంది. వందమంది వాడి వైపే చూస్తారు. పప్పన్నం చెయ్యి కడుక్కుని లేచి, ఫోను వెలుగులో డీబీ మూత తీస్తాడు. లోపల తను రాసివ్వని కంపెనీ వైర్లు. ఏమీ అనడు. "టెస్టరుందారా?" అంటాడు.

"నీ షాపుల్నే కొందామనుకున్న మామా, టైం దొరకలే."