గుడ్లగూబ ఈక స్టాక్ లేదు

మా మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకం తెరిస్తే ఆవలింతలు, కంప్యూటర్ తెరిస్తే జాగరణ. మొన్న ఆదివారం మల్కాజిగిరిలో మా ఇంటికొచ్చి, "మామయ్యా, ఏ గేమ్ చూసినా ఆ యూరప్ కోటలే, ఆ మంచుకొండలే. మన గోల్కొండ మీద ఒక్కటీ లేదేంటి?" అన్నాడు.

అక్కడే నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "మనమే చేసేద్దాం రా" అన్నాను. నాది బ్యాంకు ఉద్యోగం, కోడింగ్ అక్షరం ముక్క రాదు. కాగితం మీద కోటలు కట్టడానికి కోడింగ్ ఎందుకు లెండి. టీపాయ్ మీద కనబడ్డ చీటీ తిప్పి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాను.

రెండో టీ వచ్చేసరికి సగం గేమ్ తయారు. కాలం 1687. ఔరంగజేబు సైన్యం కోటను ముట్టడించి ఎనిమిది నెలలు పడిగాపులు కాసింది. చివరికి లోపలివాడొకడు లంచం తిని రాత్రివేళ తలుపు తీస్తేగాని కోట చిక్కలేదు. ఆ తలుపు తీసేవాడెవడో ముందే పట్టుకోవడం మా హీరో పని. హీరో మూసీ ఒడ్డున గుర్రాలు కడిగే కుర్రాడు. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు అవతల కొండమీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది కదా, దాన్ని అలారం చేశాం. చాటుగా దూరేటప్పుడు చప్పుడైందో, పైనున్న కాపలావాళ్లంతా దిగొస్తారు. కోట నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందని చెప్పుకుంటారే, అది ఫాస్ట్ ట్రావెల్, అంటే గేమ్‌లో నడవకుండా చిటికెలో ఇంకోచోట తేలడం. మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతిసారీ ఆ కథ నిజమైతే బాగుండుననిపిస్తుంది నాకు.

"ఫాంటసీ అన్నాక భూతం ఉండాలి మామయ్యా" అన్నాడు వాడు. కోట బావిలో భూతాన్ని పెట్టాం. దాన్ని కట్టెయ్యడానికి సామాను కావాలిగా, అదీ రాశాను: నిమ్మకాయలు 21, బూడిద గుమ్మడికాయ 1, సాంబ్రాణి అరకిలో, ఇనుప గొలుసు 3 మీటర్లు, గుడ్లగూబ ఈక 1, పుర్రె 1 (దొరికితే 2).

"ఏవండీ, టీపాయ్ మీద చీటీ ఫొటో తీసి కిరాణా కొట్టుకి వాట్సాప్ చెయ్యండి" అని వంటింట్లోంచి కేక. చేశాను. చీటీకి రెండు వైపులుంటాయన్న సంగతి భూతం ధ్యాసలో గుర్తులేదు.

జవాబు కాసేపటికి గాని రాలేదు. "సార్, అర్జంటా?"

"అర్జంటే. సాయంత్రం బావమరిది వాళ్లు వస్తున్నారు."

ఈసారి ఇంకా ఆలస్యం. "ఆఖరి ఐటమ్ మా దగ్గర దొరకదు సార్."

"ఉన్నవి పంపించు. లేనివి నేను చూసుకుంటా."

గంట తర్వాత వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ గుమ్మం దాకా వచ్చి మంచినీళ్లు అడిగి తాగే కొట్టు కుర్రాడు, ఆ రోజు గేటు దగ్గరే సంచీ పెట్టి వెనక్కి చూడకుండా పోయాడట. వాచ్‌మన్ కూడా సంచీకి బారెడు దూరంలో నిలబడ్డాడు. పైగా లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. 2011లో వచ్చిన స్కైరిమ్ గేమ్‌లో మోతాదుకి మించి బరువెత్తుకుంటే హీరో పరుగెత్తలేడు, కాళ్లీడ్చుకుంటూ నడవాల్సిందేనని పొద్దున మేనల్లుడు చెబితే నవ్వాను. నాలుగో అంతస్తుకి చేరేసరికి నా నవ్వు రెండో అంతస్తులోనే ఉండిపోయింది. మూడో అంతస్తులో చేతి సంచీ చిరిగి నిమ్మకాయలు మెట్ల మీద దొర్లాయి. రోజూ తలుపు తీసుకుని కూర్చునే ఆంటీ నిమ్మకాయల్ని చూశారు, గొలుసుని చూశారు, నన్ను చూశారు. తలుపేసుకున్నారు. లోపల గొళ్లెం కూడా పడింది.

"కందిపప్పేదండీ?" అంది మా ఆవిడ. నేను గుటక మింగుతుండగానే ఆమె ఫోన్ మోగింది, కొట్టాయన. స్పీకర్ పెట్టకపోయినా వినిపించేంత గొంతు ఆయనది. "అమ్మా, ఇంట్ల అంతా మంచిగనే ఉన్నరా? మా ఊర్ల ఒకాయన తాయెత్తు కడ్తడు. సార్‌ని ఓసారి చూపిద్దామా?"

ఇదంతా ఆఫీసు పూజ సామాను అని సర్దిచెప్పబోయాను. గోల్కొండ పడ్డ పద్ధతిలోనే నేనూ పడ్డాను. "అత్తయ్యా, అది గేమ్ లిస్టు. మామయ్య తప్పు వైపు ఫొటో తీశాడు" అని లోపలివాడు తలుపు తీసేశాడు. వాడు తిన్న లంచం రెండు మిర్చి బజ్జీలు.

రాత్రి బావమరిది వాళ్లకి నిమ్మకాయ పులిహోర, బూడిద గుమ్మడికాయ మజ్జిగపులుసు. "వంట ఇవాళ వెరైటీగా ఉందే" అన్నాడు బావమరిది. మా ఆవిడ నా వంక చూసింది. నేను పులిహోరలో పల్లీలు వెతుక్కున్నాను.

బిల్లు పొద్దున చూశాను. గొలుసు పక్క హార్డ్‌వేర్ షాపు నుంచి తెప్పించాడట, డబ్బులు వేరే. దాని కింద నీలం పెన్నుతో ఇంకో లైను: "గుడ్లగూబ ఈక స్టాక్ లేదు. బదులు నెమలీక పెట్టాను సార్, పని జరుగుతదేమో చూడండి."