మా బావ కెమెరా 8000 దాకా వెళ్తుంది

కొత్తగా కెమెరా కొన్న అల్లుడు ఇంట్లో ఉండగా చెల్లి పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడటం దండగని మా బాబాయి అభిప్రాయం. ఆ కెమెరా ఈఎమ్ఐ కడుతున్నది మా అక్క అన్న సంగతి వేరు. మగపెళ్లివారు ఒప్పుకోక తణుకు నుంచి ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చారు. అలా వధూవరులకంటే ముందు కెమెరాలు రెండూ ఎదురుపడ్డాయి.

చూపులకు మా బావదే పైచేయి. ఒంటినిండా జేబులున్న జాకెట్టు, మూరెడు లెన్సు. తణుకాయన మాత్రం చంకలో ప్లాస్టిక్ స్టూలుతో దిగాడు. "కూర్చుని తీస్తాడా ఏంటి?" అన్నాడు బాబాయి.

ఆయన కెమెరా బయటికి తీయకుండా ముందు పురోహితుడి దగ్గరికెళ్లాడు. "అయ్యగారూ, జీలకర్ర బెల్లం పెట్టాక చేతులు వెంటనే తీయనివ్వకండి. తెర కొంచెం మీవైపుకి లాగించండి." తర్వాత మా పిన్నిని పట్టుకుని, బంధువుల్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో అడిగి తెలుసుకున్నాడు. గ్రూప్ ఫొటోలో వాళ్లని చెరో చివర నిలబెట్టాలి కదా! కెమెరాలో కార్డులు రెండు వేసుకున్నాడు. ఒకటి పోయిందని మూడు ముళ్లూ మళ్లీ వేయించలేం మరి.

ఈలోగా మా బావ టపటపా నొక్కేస్తున్నాడు. తీరా చూస్తే చెల్లి మొహం నిండా నల్లటి అడ్డగీతలు. బాబాయి కంగారుపడి, "కొత్త క్రీమేదైనా పూశారా?" అని మేకప్ అమ్మాయిని నిలదీశాడు. తణుకాయన వంగి చూసి మెల్లగా, "ఎల్ఈడీ లైట్లు సార్, సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, మన కంటికి తెలీదు. షట్టర్ స్పీడు 100కి, అంటే సెకనులో నూరోవంతుకి దించండి, గీతలు పోతాయి" అన్నాడు.

"నాది 8000 దాకా వెళ్తుంది. 100కి ఎందుకు దించాలి?" అన్నాడు బావ, ఆస్తిలో వాటా తగ్గించమన్నట్టు.

ఇక లాభం లేదనుకున్నాడేమో, తణుకాయన రూటు మార్చాడు. "సార్, మీ చేతిలో మంచి క్యాండిడ్ ఉంది. పెళ్లంటే మండపమేనా? గాడిపొయ్యి దగ్గర ఆ పొగ, ఆ గారెలు, ఆ ఫీల్ పట్టేవాళ్లేరీ? నాకా తీరిక లేదు." బావ ఉబ్బిపోయి వంటల వైపు నడిచాడు. ఇలా పంపించే విద్య ఏ కెమెరాతోనూ రాదు.

ముహూర్తం దగ్గరపడేసరికి ఫోన్లన్నీ లేచాయి. మా పెద్దత్త ఏకంగా ట్యాబ్ ఎత్తింది. గట్టిమేళం అనకముందే తణుకాయన స్టూలెక్కి ఉన్నాడు. తెర దిగింది, ఇద్దరి తలల మీదా చేతులు నిలిచాయి. పక్కన బాబాయి కండువాతో కళ్లు ఒత్తుకోవడం కూడా అదే ఫ్రేములో పడింది. ఫోన్లలో పడింది మాత్రం పెద్దత్త ట్యాబే.

అసలు గొడవ తర్వాత మొదలైంది. పొగ వాసనతో తిరిగొచ్చిన బావ, అప్పటికే తీసేసిన ఫ్యామిలీ ఫొటో చూశాడు. అందులో తను లేడు. "అంటే నేనీ ఇంటి అల్లుణ్ని కాదన్నమాట!" అని విడిదింటికెళ్లి గడియ పెట్టుకున్నాడు. భోజనం వద్దన్నాడు. బాబాయి వేలికున్న ఉంగరం తడుముకోవడం నేను చూశాను.

తణుకాయనే వెళ్లి తలుపు తట్టాడు. "సార్, అది లైటింగ్ చెక్ కోసం తీసింది. అసలు ఫొటో మీకోసమే ఆపాను." అందర్నీ మళ్లీ లేపి, బావని నడుమ నిలబెట్టి నొక్కాడు. ఉంగరం దక్కింది. బాబాయి ఆయనకి స్వయంగా పూర్ణాలు వడ్డించాడు, ఆల్బమ్‌కి ఇంకో కాపీ ఎంతవుతుందని కూడా అడిగాడు.

బావ ఫొటోలన్నీ ఆ రాత్రే ఫ్యామిలీ గ్రూపులో వచ్చిపడి అందరి ఫోన్లనీ కుదేలు చేశాయి. గారెలన్నీ బాగా వచ్చాయి. మూకుడు ముందు నవ్వుతున్న వంటాయన ఫొటో అయితే నిజంగా బాగుంది, ఒప్పుకోవాలి. ఆయన దాన్ని డీపీగా పెట్టుకున్నాడు. శ్రావణంలో కూతురి పెళ్లికి బావే రావాలని పట్టుబట్టాడట. అడ్వాన్సు ఎంత చెప్పాలో కనుక్కుందామని బావ ఇప్పుడు తణుకాయనకే ఫోన్లు చేస్తున్నాడు.