ఇరవై రెండో పత్రం

వినాయక చవితి పూజలో అసలు పరీక్ష పత్రి దగ్గరే. ఉండ్రాళ్ళు ఆవిరికి పగిలినా వినాయకుడు ఏమీ అనుకోడు. పాలవెల్లికి కట్టిన మొక్కజొన్న పొత్తు పూజ మధ్యలో ఊడి ఆయన ఒళ్ళో పడినా సర్దుకుంటాడు. కానీ ‘ఏకవింశతి పత్రపూజ’ అన్న మాట వినపడగానే, చదవకుండా బోటనీ ప్రాక్టికల్స్‌కి వచ్చిన పిల్లల్లా ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మాచిపత్రితో మొదలై జిల్లేడుతో ముగిసే ఆ జాబితా రాసినవాళ్ళెవరో గానీ వాళ్ళకి పక్షపాతం బొత్తిగా లేదు. మామిడి, దానిమ్మ, జాజి లాంటి మర్యాదస్తుల పక్కనే ఉమ్మెత్త, గన్నేరు దర్జాగా కూర్చుంటాయి. మామూలు రోజుల్లో పిల్లలు వాటిని ముట్టుకుంటే చేతులు కడిగిస్తాం, ఆ రోజు మాత్రం దేవుడి నెత్తిన పెడతాం. పిలవకపోయినా పంచెకి అంటుకుని ఇంటిదాకా వచ్చే ఉత్తరేణికీ చోటుంది. తులసిది మరీ విచిత్రం. పెళ్ళాడమని తులసి అడిగిందట, ఈయన కాదన్నాడట, ఇద్దరూ ఒకరినొకరు శపించుకున్నారట. ఆ గొడవతో మిగతా రోజుల్లో గణపతి పూజకి తులసి వాడరు. చవితి ఒక్కనాడే రాజీ.

గరికకి మాత్రం ఎదురు లేదు. అనలాసురుణ్ణి మింగేశాక కడుపులో మంట రేగితే, దేవతలు చల్లటివన్నీ తెచ్చి పెట్టినా తగ్గలేదట. ఋషులొచ్చి 21 గరిక పోచలు తల మీద పెట్టగానే చల్లబడిందట. అంత గొప్ప వైద్యం మన పెరట్లో కాళ్ళ కింద పడి ఉంటుంది. దేవదారు అలా కాదు. అది పెరిగేది హిమాలయాల్లో. గోదావరి ఒడ్డున దేవదారు పేరుతో కట్టలో పెట్టేది సరుగుడు కొమ్మ అని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు, వినాయకుడికీ తెలుసు. ముగ్గురూ నోరు మెదపరు.

కిందటేడు చవితికి నేను రాజమండ్రిలో మా అక్కావాళ్ళింట్లో ఉన్నాను. పత్రి తెచ్చే పని బావది. ముందురోజు సాయంత్రం వానలో, జనంలో పడి వెళ్ళి ఒక కట్ట తెచ్చాడు. “ఇరవై ఒకటీ ఉన్నాయి సార్, కావాలంటే లెక్కపెట్టుకోండి” అన్నాడట అమ్మినవాడు. ఆ మాట అన్నాక ఎవరైనా లెక్కపెడతారా? పరువు తక్కువ కాదూ!

మర్నాడు పూజకి ఫోన్‌లోని పంతులుగారే దిక్కు. ఆయన గొంతు బాగుంటుంది గానీ ఎవరి కోసమూ ఆగడు. “సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి” అని, మనం మాచిపత్రి వెతికేలోగా బృహతీపత్రం దాటేసి మారేడులోకి వెళ్ళిపోతాడు. ఆ వేగాన్ని అందుకోగలిగింది ఇంట్లో ఒక్కరే, బావ వాళ్ళమ్మగారు. అత్తయ్యగారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కట్ట ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆకుని వేళ్ళ మధ్య నలిపి వాసన చూడటం, “వావిలి”, “మరువం”, “ఇది రేగు, ముల్లు చూసుకో” అని అందించడం. కనపడకుండానే అన్నీ చెప్పేస్తుంటే మాకు నోట మాట రాలేదు. “లంబోదరాయ నమః” దగ్గర బావకి రేగుముల్లు గుచ్చుకుంది, అది లెక్కలోకి రాదు.

కపిలాయ నమః, అర్కపత్రం. 21 అయిపోయాయి. అత్తయ్యగారి ఒళ్ళో ఇంకా ఏదో తీగ మిగిలింది. గరుకుగా, సన్నటి నూగుతో, రంపపు అంచుల ఆకులు.

“ఇది నా లెక్కలో లేదురా” అన్నారావిడ.

“దేవుడి కోసం తెచ్చింది పక్కన పడెయ్యడమెందుకమ్మా, తలా రెండాకులు తీసుకోండి” అని బావ ఆ తీగని ఉదారంగా పంచాడు. “ఏకవింశతి పత్రాణి పూజయామి” అనగానే అందరం భక్తిగా రెండు చేతులా సమర్పించాం. ఆ వెంటనే అక్క అందరి గుప్పిట్లోనూ అక్షింతలు పోసింది.

ఇక్కడ ఒక నియమం ఉంది. కథ అయ్యేదాకా గుప్పిట విప్పకూడదు. కథ విని, ఆ అక్షింతలు తల మీద వేసుకుంటేనే చవితి చంద్రుణ్ణి చూసిన దోషం అంటదు. ముందే జారిపోతే నీలాపనిందలు తప్పవు. కథ చదివే పని నాది కాబట్టి నా అక్షింతలు ఎడమ గుప్పిట్లో, పుస్తకం కుడి చేతిలో.

గజాసురుడు శివుణ్ణి తన కడుపులో ఉండిపొమ్మని వరం అడిగేసరికి నా అరచేతిలో చీమలు పాకాయి. విష్ణుమూర్తి గంగిరెద్దుల మేళం కట్టుకుని బయల్దేరేసరికి అవి నిప్పులయ్యాయి. తలెత్తి చూస్తే ఎవరి పరిస్థితీ బాగా లేదు. బావ గుప్పిటని తొడకేసి రుద్దుతున్నాడు. అక్క ఒక గుప్పిటతో ఇంకో గుప్పిటని గోక్కోబోయి కుదరక పళ్ళు బిగించింది. పదేళ్ళ మేనల్లుడు చింటూ చెయ్యి చంకలో దోపుకుని మెలికలు తిరుగుతున్నాడు. అత్తయ్యగారైతే వాసన చూశారు కదా, ముక్కు కూడా.

“దురదగొండి!” అన్నారావిడ.

“తొందరగా కానివ్వరా” అంది అక్క నాతో.

నేను గేరు మార్చాను. గంగిరెద్దు ఆడింది, గజాసురుడు చచ్చాడు, పార్వతీదేవి నలుగుపిండితో బొమ్మ చేసింది, శివుడొచ్చాడు, తల తెగింది, ఏనుగు తల అతికింది, అన్నీ ఒక్క ఊపిరిలో.

“నంది ఆడిన ముక్క సరిగ్గా చదవలేదు బాబూ” అన్నారు అత్తయ్యగారు ముక్కు రుద్దుకుంటూ. ఆవిడ ముందు కథ కత్తిరించడం కుదిరే పని కాదు. వెనక్కి వెళ్ళి నందిని ఇంకోసారి ఆడించాను.

కుమారస్వామి నెమలెక్కి నదులన్నీ తిరిగితే ఈయన తల్లిదండ్రుల చుట్టూ తిరిగి గెలిచాడు. కుడుములు తిని పొట్ట వంగక అవస్థ పడుతుంటే చంద్రుడు నవ్వాడు. నిన్ను చూసినవాళ్ళు నిందల పాలవుతారని పార్వతి శపించింది. వెంటనే దెబ్బ తగిలింది ఎవరికయ్యా అంటే సప్తర్షుల భార్యలకి. వాళ్ళ మీద మనసుపడ్డ అగ్నిహోత్రుడి కోసం ఆయన భార్య స్వాహాదేవి వాళ్ళ రూపాలు ధరించింది, అరుంధతి రూపం తప్ప. ఋషులు అది తమ భార్యలే అనుకుని వాళ్ళని వదిలేశారు. అంత తపస్సు చేసినవాళ్ళు ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా అని నాకు ప్రతి ఏడూ అనిపిస్తుంది.

“ఏవండీ, చూసుకుని తేవద్దా?” అక్క విచారణ మొదలెట్టింది.

“తెచ్చాను గానీ కట్టింది నేనా?” అన్నాడు బావ. “ఇంకా పొద్దున్న పదకొండే. చంద్రుణ్ణే చూడలేదు, అప్పుడే నాకు నీలాపనిందేమిటి?”

“అందరికీ పంచిపెట్టింది మాత్రం నువ్వేరా” అని తల్లి సాక్ష్యం చెప్పింది.

నేను ద్వారకలో అడుగుపెట్టాను. కృష్ణుడు చవితినాడు ఆకాశం వంక చూడకుండా జాగ్రత్తగానే ఉన్నాడు. ఆవుపాలు పితుకుతుంటే పాత్రలో చంద్రుడు కనపడ్డాడు. అంతే. రోజుకి ఎనిమిది బారువుల బంగారమిచ్చే శమంతకమణిని ఆయన అడగడం, సత్రాజిత్తు ఇవ్వననడం, ఆ మణి వేసుకుని వేటకెళ్ళిన ప్రసేనుడు తిరిగి రాకపోవడం, అన్నీ ఒకదాని మీదొకటి పడ్డాయి. మణి కోసం కృష్ణుడే చంపాడని ఊరంతా అన్నారు.

“చూశావా?” అన్నాడు బావ, కృష్ణుడి తరఫున, తన తరఫున.

కృష్ణుడు గొడవ పెట్టుకోలేదు, అడవికెళ్ళి ఆరా తీశాడు. ప్రసేనుడి శవం, అక్కణ్ణుంచి సింహం అడుగులు, ఆ తర్వాత ఎలుగుబంటి అడుగులు, చివరికి ఒక గుహ. మా ఇంట్లో అడుగులు అక్కే చూసింది. అరటినారతో కట్టిన కట్టలోకి ఊలుదారం ముక్క ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చింది? మార్కెట్లో ఊలుదారంతో పత్రి ఎవరు కడతారు? ఆకుపచ్చ ఊలు. బడిలో క్రాఫ్టు పీరియడ్‌కి కొన్నదే. అక్క చూపు మెల్లగా చింటూ వైపు తిరిగింది.

నేను గుహలోకి వచ్చాను. ఊయలకి మణి వేలాడుతోంది. దాది పాడుతోంది: “సింహః ప్రసేనమవధీత్, సింహో జాంబవతా హతః, సుకుమారక మా రోదీః...” సింహం ప్రసేనుణ్ణి చంపింది, సింహాన్ని జాంబవంతుడు చంపాడు, బంగారుకొండా ఏడవకు.

బంగారుకొండ ఒక్కసారిగా బావురుమన్నాడు.

“నాన్న తెచ్చిన కట్టలో పద్దెనిమిదే ఉన్నాయి. రాత్రి లెక్కపెట్టాను. దేవుడు ఫెయిల్ చేస్తాడని, పొద్దున్నే కాలవగట్టు మీదకెళ్ళి తెచ్చా” అన్నాడు వెక్కుతూ.

“మూడు తక్కువైతే నాలుగెందుకురా తెచ్చావు?”

“ఎందుకైనా మంచిదనీ...”

బావ ఛాతీ విరుచుకున్నాడు. జాంబవంతుడితో కృష్ణుడు 28 రోజులు పోరాడింది నేను ఎంత జోరుగా చదివినా ఎవరూ వినలేదు. జాంబవతి పెళ్ళయింది, సత్రాజిత్తు పశ్చాత్తాపపడి సత్యభామనీ ఇచ్చాడు, కథ అయింది. అందరం అక్షింతలు తల మీద గుమ్మరించుకుని గోక్కోవడానికి లేచాం. ఆ ఒక్క నిమిషం అనుభవించిన సుఖం ఉండ్రాళ్ళ పాయసంలో కూడా లేదు.

“మీరు లెక్కపెట్టి తెచ్చుంటే వాడికీ ఖర్మ పట్టేదా?” అంది అక్క, చింటూ చేతులకి కొబ్బరినూనె రాస్తూ.

నింద తొలగినందుకు కృష్ణుడికి ఇద్దరు భార్యలు, మణి దక్కాయి. మణి ఆయన తిరిగిచ్చేశాడనుకోండి. బావకి ఉన్న ఒక్క భార్య కూడా సాయంత్రందాకా మాట్లాడలేదు.

మర్నాడు ఉద్వాసన చెప్పాక అసలు సమస్య వచ్చింది. వినాయకుడు మెడదాకా పత్రిలో ఉన్నాడు, అందులో దురదగొండి ఎక్కడుందో తెలియదు. చెయ్యి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి బావ వంటింట్లోంచి పట్టకారు తెచ్చాడు.

అత్తయ్యగారు నల్ల కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. “అది పాలగిన్నె దించేదేనా?”

“అదేనమ్మా.”

“మొన్న ఆమ్లెట్ పెనం దించింది?”

“అది వేరేది.”

“అయితే కానీ” అన్నారు. బావ ముందు గరికతో మొదలుపెట్టాడు.