పెళ్ళిచూపుల్లో మురుగు

మురుగునీటి ఇంజినీరుకు పిల్లనివ్వకూడదన్నది మన సమాజం ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయం. నెల కిందటిదాకా నేనూ దాన్ని గౌరవించేవాణ్ణి. మా మేనల్లుడి పెళ్ళిచూపులకు కోలారు వెళ్ళకుండా ఉంటే ఇప్పటికీ గౌరవిస్తూనే ఉండేవాణ్ణి.

మావాడు ఎనిమిదేళ్ళుగా పల్లెలు పట్టుకు తిరుగుతున్నాడు. ఇంటింటికీ కొళాయి పెట్టి మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది జల్ జీవన్ మిషన్ లెక్క. రెండు వేల మంది ఉన్న ఊరికి లక్షా పదివేల లీటర్లు. తోమి, ఉతికి, స్నానాలు చేశాక అందులో చాలావరకు వీధిలోకే వస్తుంది. దాని సంగతేమిటని అడిగేవాడు మావాడు. ఇంకుడు గుంతలు తవ్విస్తాడు. గులకరాళ్ళ మడిలో మెట్టతామర నాటి, ఆ వేళ్ళ మధ్యనుంచి నీళ్ళు వడగట్టించి పశుగ్రాసానికి పారిస్తాడు. నీరు పల్లమెరుగు అంటారు గానీ కాంట్రాక్టరు ఎరగడు. మెరక మీద గుంత తవ్వి బిల్లు పెట్టిన ఒకాయనతో వీడు ఒక ఎండాకాలమంతా పోట్లాడాడు.

ఇవేవీ పెళ్ళివారి దగ్గర ఎత్తకూడదని మా అక్క అందరిచేతా ఒట్టు వేయించుకుంది. బయోడేటాలో 'సర్క్యులర్ వాటర్ కన్సల్టెంట్' అని రాయించింది.

పిల్ల తండ్రిగారు టమాటా రైతు. కాఫీలయ్యాక బయోడేటా చేతిలోకి తీసుకున్నారు.

"సర్క్యులర్ అంటే రౌండుగానాండీ?"

"అవునండీ, తిరిగి తిరిగి వస్తుంది" అంది అక్క.

"నీళ్ళ ట్యాంకర్లా?"

"అంతకంటే పెద్దదే."

"మినరల్ వాటరా?"

"దానికి కాస్త ముందు దశ."

"ఎంత ముందు?"

మా బావ కాఫీ గ్లాసు అడుగును పరిశీలిస్తూ ఉండిపోయాడు. మావాడికి ఓపిక అయిపోయింది. "మురుగునీళ్ళండీ" అనేశాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పిల్ల అవ్వ, మావాడు కూర్చున్న కుర్చీని కడగాలా, పారేయాలా అన్నట్టు చూసింది. వాడి ముందున్న మురుకుల పళ్ళెం, ఎవరు జరిపారో గానీ, జానెడు వెనక్కి పోయింది.

మాట మార్చడానికి నేను పంటల గురించి అడిగాను. "చెరువు నిండాక ఎండిన బోర్లు మళ్ళీ పోస్తున్నాయి, దేవుడి దయ" అన్నారాయన. ఆ దేవుడు ఉండేది బెంగళూరులో. అక్కడి మురుగునే శుద్ధి చేసి, కేసీ వ్యాలీ పథకం కింద 2018 నుంచి కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. మావాడు ఆ ముక్క చెప్పి ఊరుకున్నా బాగుండేది. రెండో దశ శుద్ధితోనే సరిపెట్టారు, మూడోదీ చేయాలి అంటూ మొదలుపెట్టాడు. మేం చెప్పులు వేసుకున్నాం.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేశారు. అక్క దేవుడి పటానికి దండం పెట్టి ఎత్తింది. వాళ్ళింట్లో సెప్టిక్ ట్యాంకు నిండిందట. "బండివాళ్ళు ఎక్కువ అడుగుతున్నారమ్మా. మీ అబ్బాయికి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే... లోపలికి దిగేవాళ్ళయితే తక్కువలో పోతుంది."

తక్కువలో పోయేదేమిటో తెలుసా అయ్యా? ప్రాణం. మనిషి మలాన్ని మనిషి ఎత్తకూడదని 1993లో ఒక చట్టం. రక్షణ లేకుండా ట్యాంకులోకి దించకూడదని 2013లో ఇంకోటి. మురుగులో దిగి చనిపోతే 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదే పోరాటంలో ఉన్న బెజవాడ విల్సన్ పుట్టింది మీ కేజీఎఫ్‌లోనే. ట్యాంకులో పేరుకున్న విషపు గాలికి, దిగినవాడు నిమిషాల్లో కూలిపోతాడు. వాణ్ణి లాగబోయినవాడూ కూలిపోతాడు. మీ దొడ్డి మీకు రోత. అందులో దిగేవాడి కులం రోత. ఎవడూ దిగకుండా చేసే చదువు చదివినవాడూ రోతే! మరి ఇందులో తమరి పాత్ర ఏమిటి, చెంబుడు నీళ్ళు పోసి తలుపేసుకు రావడమా?

అక్క ఫోన్ పెట్టేసి పాత బయోడేటా చించేసింది. కొత్తది తనే రాసింది. ఎత్తు అయిదడుగుల తొమ్మిది, రంగు చామనఛాయ, పని మురుగు.