లైబ్రేరియన్ ఉద్యోగం చేస్తున్న ఇనుప బీరువా గారికి

మహారాజశ్రీ బీరువా గారికి, మీ తాళంచెవి మోస్తున్న తెలుగు మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ కడుపులోని పుస్తకాలు, వాటి మధ్య కలరా ఉండలు క్షేమమని తలుస్తాను.

మన బడికి లైబ్రేరియన్ లేడని గిట్టనివాళ్లు అంటుంటారు. పదకొండేళ్లుగా హెడ్మాస్టరు గది మూలన నిలువుకాళ్ల మీద కొలువు చేస్తున్న మీరు వాళ్ల కంటికి ఆనరు. మీరు సెలవు పెట్టరు, పీఆర్సీ అడగరు, బదిలీల కౌన్సెలింగుకు రారు. మీకు అప్పగించిన పుస్తకం ఒక్కటీ పోలేదు. పోవాలంటే ముందు బయటికి రావాలి కదా!

మీ నియామకం అక్రమమని కూడా ఎవరూ అనలేరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలంది, అందులో వార్తాపత్రిక, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలంది. వాటిని తీసి పిల్లల చేతిలో పెట్టే మనిషి ఉండాలని మాత్రం ఆ చట్టం చివరి షెడ్యూలులో రాయలేదు. ఆ ఖాళీలోనే మీరు దర్జాగా సర్దుకున్నారు. బడుల కోసం కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా పుస్తకాలకు గ్రాంటు ఉంది. పుస్తకాలు వస్తాయి, స్టాక్ రిజిస్టరుకు ఎక్కుతాయి, మీ లోపలికి వెళ్తాయి. పిల్లలకు పాపం కట్టలు విప్పిన వాసనైనా తగలదు.

ఇంతలో అమెరికాలో కీత్ కర్రీ లాన్స్ అనే పెద్దమనిషి మీ పొట్ట కొట్టే పని పెట్టుకున్నారు. కొలరాడో రాష్ట్రంలోని బడులను పరిశీలించి, గ్రంథాలయంలో పుస్తకాలూ సిబ్బందీ బాగా ఉన్నచోట పిల్లల మార్కులూ బాగున్నాయని 1993లో తేల్చారు. ఆ ఊళ్ల కలిమిలేములను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చెరగలేదట. ఇలాంటి అధ్యయనాలు తర్వాత అక్కడి 20కి పైగా రాష్ట్రాల్లో జరిగాయి. రెండూ ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని వాదించేవాళ్లూ ఉన్నారు, అది తీసిపారేసే మాట కాదు. మా మండలంలో ఆ తర్కానికే చోటు లేదనుకోండి. లైబ్రేరియన్ ఉన్న బడిని లేని బడితో పోల్చాలంటే, ముందు ఉన్న బడి ఒకటి దొరకాలి.

ఆయనే 2000లో మళ్లీ చూసి, లైబ్రేరియన్ టీచర్లతో కలిసి కూర్చుని పాఠాలకు సాయం పట్టిన బడులు ఇంకా మెరుగన్నారు. ఈ ఒక్క విషయంలో మీరు కాస్త వెనకబడ్డారు. అది మీ తప్పు కాదు, చెదలు పట్టకుండా మీ కాళ్లకింద ఇటుకలు పెట్టింది మేమే.

పుస్తకాలు ఉన్నది ఉపయోగించడానికేనని 1931లో గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రం రాసిన రంగనాథన్ గారి జయంతి ఆగస్టు 12న చేశాం, గుర్తుందా? ఆయన పటాన్ని మీ తలుపుకే తగిలించి బంతిపూల దండ వేశాం. దండ నలుగుతుందని ఆ రోజు కూడా మిమ్మల్ని తెరవలేదు.

అసలు సంగతికి వస్తాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె పాఠంలో సగం కథే ఉందని, “తర్వాత ఏమైంది మాస్టారూ?” అని నాలుగు రోజులుగా వెంటపడుతోంది. ఆ తర్వాత ఏమైందో మీ రెండో అరలో ఉంది. చెయ్యి జేబులోకి వెళ్తుంది, పుస్తకం పోతే నా జీతంలో కోత గుర్తొస్తుంది, చెయ్యి వెనక్కి వస్తుంది. పదకొండేళ్లుగా మీ తలుపుకు గొళ్ళెం మీరు పెట్టుకున్నది కాదని నాకు తెలుసు.

శనివారం మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు మండల మీటింగుకు వెళ్తారు. అప్పుడు వస్తాను. కిర్రుమని అటెండరును లేపకండి, మీ బందులకు కొబ్బరినూనె తెస్తున్నాను.

ఇట్లు,
తమ తాళంచెవి