నెలలు నిండకముందు నొప్పులొస్తే ఇంట్లో పడుకోమనే మెసేజ్‌కి జవాబు

గుంటూరు, విజయవాడ ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "నెలలు నిండకముందు వచ్చేవన్నీ దొంగ నొప్పులే. జీలకర్ర కషాయం తాగి ఎడమవైపు తిరిగి పడుకుంటే పోతాయి. ఆస్పత్రికి వెళ్తే స్టెరాయిడ్లు పొడుస్తారు, కడుపు కోసేస్తారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దు." కడుపుతో ఉన్న ఆడపిల్లలే దీన్ని ఒకరికొకరు పంపుకుంటున్నారు. అది చూస్తే భయమేస్తోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

అన్నీ దొంగ నొప్పులేనా? ఇందులో సగం నిజముంది, ప్రమాదమూ అక్కడే ఉంది. ఆరో నెల దాటాక కడుపు అప్పుడప్పుడూ గట్టిపడి వదిలేయడం మామూలే. 1872లో బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండు వైద్యుడు వీటిని వివరించాడు, డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇవి ఒక లెక్క లేకుండా వస్తాయి, నీళ్లు తాగి కాసేపు నడుం వాలిస్తే తగ్గుతాయి. అసలు నొప్పులు పడుకున్నా తగ్గవు, రాను రాను దగ్గరవుతాయి, బలపడతాయి. అయితే మొదట్లో రెండూ ఒకేలా అనిపించవచ్చు. తేడా తేల్చేది గర్భసంచి ముఖద్వారం. అది పొట్టిదవుతోందా, తెరుచుకుంటోందా అన్నది డాక్టరు పరీక్షించి, అవసరమైతే లోపలి నుంచి స్కానింగ్ చేసి పొడవు కొలిచి చెబుతారు. ఆ పొడవు 30 మిల్లీమీటర్లు దాటి ఉంటే రోజుల్లోనే కాన్పయ్యే అవకాశం చాలా తక్కువ. పొట్ట మీద చెయ్యేసి చూసిన ఏ పెద్దమ్మా దీన్ని చెప్పలేదు. ఆ మెసేజ్ అసలే చెప్పలేదు.

కాబట్టి 37 వారాలు నిండకముందు పది నిమిషాలకోసారో, అంతకంటే దగ్గరగానో కడుపు బిగుస్తుంటే, నడుం నొప్పి వదలకుండా ఉంటే, బిడ్డ కిందికి ఒత్తుతున్నట్టు అనిపిస్తే, నీళ్లు తాగి పడుకుని చూడటానికి గంట కంటే ఎక్కువ ఇవ్వకండి. ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ గంట కూడా ఆగొద్దు. కషాయం తాగినంత మాత్రాన జరిగే కీడు పెద్దగా లేకపోవచ్చు. అది పనిచేస్తుందేమోనని చూస్తూ కూర్చుంటే పోయే సమయమే కీడు.

ఆ సమయం ఎందుకంత విలువైనదో స్టెరాయిడ్ల దగ్గర తెలుస్తుంది. ఈ మాట వినగానే మనవాళ్లకు జిమ్ములో కండలు పెంచే మందు గుర్తొస్తుంది. ఇది అది కాదు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు ముడుచుకుపోకుండా చూసే పదార్థం ఇంకా సరిపడా తయారై ఉండదు. అందుకే పుట్టగానే ఊపిరి అందక అల్లాడుతుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని 1972లో నిరూపించారు. మన దేశంలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో వాడే డెక్సామెథసోన్ అనే ఈ స్టెరాయిడ్‌ని 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగుసార్లు ఇస్తారు. మన దేశం కూడా పాలుపంచుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. ఈ మందు వల్ల నెలలు నిండని పసికందుల మరణాలు తగ్గాయని అందులో మళ్లీ తేలింది. ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఒక రోజు గడిస్తే దాని ఫలితం బాగా అందుతుంది. నొప్పుల్ని కాస్త వాయిదా వేయడానికి నిఫెడిపిన్ లాంటి మాత్రలు ఇచ్చేది కూడా ప్రధానంగా ఆ ఒకటి రెండు రోజులు సంపాదించడానికే. రాత్రంతా ఇంట్లో ఓర్చుకుని తెల్లవారాక వెళ్తే ఆ అవకాశం చేజారిపోవచ్చు.

కడుపు కోసేస్తారన్న భయాన్ని నేను కొట్టిపారేయను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ నెలలు నిండకముందు నొప్పులతో వెళ్లినవాళ్లకు జరిగేది వేరు. కాన్పును వీలైనంత వెనక్కి నెట్టాలన్నదే అక్కడ డాక్టర్ల ప్రయత్నం. అలా ఆస్పత్రిలో చేరినవాళ్లలో సుమారు సగం మంది చివరికి నెలలు నిండాకే కంటారు. తాడేపల్లిలో ఉండే మా చెల్లికి ఎనిమిదో నెలలో రాత్రిపూట నొప్పులొస్తే మరిది వెంటనే వారధి దాటించి విజయవాడలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ముఖద్వారం గట్టిగా మూసుకునే ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ బయటపడింది. దానికి మందులిచ్చి, సెలైన్ పెట్టి, ఒక రాత్రి కనిపెట్టుకుని ఉండి పంపేశారు. స్టెరాయిడ్ అవసరం లేదన్నారు, ఇవ్వలేదు. నెలలు నిండాక మామూలు కాన్పే అయింది. ఆ ఇన్ఫెక్షన్‌ని కషాయంతో కప్పిపెట్టి ఉంటే అదే నిజం నొప్పులకు దారితీసేది కావచ్చు. రోహిణి కార్తె ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా కడుపు ఇలాగే బిగుస్తుంది.

ఏడో నెల, ఎనిమిదో నెల మాట మన ముసలమ్మలది మాత్రమే కాదు. రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు వైద్యులూ ఇదే నమ్మారు. పాతదైనంత మాత్రాన నిజం కాదు. 28 వారాల బిడ్డ కంటే 32 వారాల బిడ్డకు, ఆ బిడ్డ కంటే 35 వారాల బిడ్డకు బతికే అవకాశం ఎక్కువ. కడుపులో గడిచే ప్రతి వారమూ లాభమే. ఈ నమ్మకంతో ఏడో నెలలో "ఏం కాదులే" అని, ఎనిమిదో నెలలో "ఇక దేవుడి దయ" అని ఊరుకునే ఇళ్లు ఉన్నాయి. రెండు చోట్లా నష్టపోయేది బిడ్డే. అసలు ఏడో నెల అంటే ఒకరికి పడినట్టు, ఇంకొకరికి నిండినట్టు. అందుకే డాక్టరు దగ్గర వారాల్లోనే మాట్లాడండి, ఆఖరిసారి బయటచేరిన మొదటి రోజు నుంచి లెక్కవేసి.

మంచం దిగొద్దన్నదానికి జవాబు చిన్నదే. కదలకుండా పడుకోవడం వల్ల ముందస్తు కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండరాలు నీరసిస్తాయి. బరువులు మోయొద్దనో, కొన్నాళ్లు డ్యూటీకి వెళ్లొద్దనో డాక్టరు చెబితే అది వేరే సంగతి.

నొప్పులొచ్చిన రాత్రి బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. ఎన్నో వారమో, నొప్పులు ఎంతసేపటికోసారి వస్తున్నాయో, ఉమ్మనీరు, రక్తం ఏమైనా కనిపించాయో ముందుగా చెప్పండి. స్కానింగ్ రిపోర్టులు, తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకోండి. 34 వారాల లోపైతే చిన్న నర్సింగ్‌హోమ్‌కి కాకుండా, నెలలు నిండని పిల్లల్ని చూసే ప్రత్యేక వార్డున్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. గుంటూరు ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్)లో ఆ వార్డు ఉంది.